ఫలితాన్ని బట్టి జీతం: పల్లెబడి లెక్కల చరిత్ర

పల్లెబడి ఎలా నడుస్తోందో అంకెల్లో తేల్చాలన్న పట్టుదల మన ప్రాంతంలో రెండు వందల ఏళ్ల కిందట మొదలైంది. 1822 జూన్ 25న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందరి నుంచీ లెక్కలు తెప్పించాలని నిర్ణయించాడు. ఊళ్లలో బడులెన్ని, చదివే పిల్లలెందరు, ఏ కులాలవాళ్లు, ఏ భాషలో ఏ పుస్తకాలు చదువుతున్నారు, అయ్యవారి పోషణ ఎవరిది? జవాబులన్నీ చేతికందే సరికి మూడేళ్లు పట్టింది. ఈ రోజు పదో తరగతి ఫలితాలు రాగానే ఏ జిల్లా ముందుంది, ఏ మండలం చివర ఉందో పత్రికలు అచ్చువేసే జాబితాకు మూలపురుషుడు ఆ ప్రశ్నల ఫారమే. మధ్యలో రాజ్యాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, పాఠ్యపుస్తకాలు ఎన్నిసార్లు మారాయో చెప్పలేం. మారని సంగతి ఒకటుంది. పైనుంచి వచ్చినవాడు తన కంటికి కనిపించినదాన్నే కొలుస్తాడు. ఆ కొలతకు డబ్బు ముడిపడగానే, బడి ఎలా ఉందో చెప్పవలసిన అంకె బడిని తనకు తగ్గట్టు వంచడం మొదలుపెడుతుంది. ఆ వంపు భారం మొదట పడేది ఊరికి దూరంగా, పదిమంది పిల్లలతో, ఒకే ఒక్క పంతులుతో నడిచే బడి మీద. తెలుగు పల్లెల చదువు చరిత్ర ఈ మాటకు నాలుగైదు చోట్ల సాక్ష్యం చెబుతుంది.

మన్రోకు వచ్చిన జవాబుల్లో అన్నిటికన్నా వివరమైనది బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో రాసి పంపినది. నేటి అనంతపురం ప్రాంతమూ, ఆదోని పరిసరాలూ కూడా అప్పటి బళ్లారి జిల్లాలోనివే. అనంతపురం వేరుపడింది 1882లో. జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదువుకునే పిల్లలు 6,641. అంటే బడికి సగటున పన్నెండు మంది. వెయ్యి మంది జనంలో సుమారు ఏడుగురే బడికి వెళుతున్నారన్నమాట. వీటిలో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226, మిగిలినవి మరాఠీ, పారశీకం, తమిళం వగైరా. ఇంగ్లీషు చెప్పేది ఒక్కటే. ఆడపిల్లలు జిల్లా మొత్తానికి అరవై మంది. బడి జరిగే తీరు కూడా అతను దగ్గరగా చూసి రాశాడు. అయిదో ఏట అక్షరాభ్యాసం. తెల్లవారగానే అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో అయ్యవారు సరస్వతి పేరు రాస్తాడు, అది మెప్పు. రెండోవాడి చేతిలో సున్నా, అంటే పొగడ్తా లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరవాత వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. ముందు ఇసుకలో వేలితో దిద్దుకోవడం, చెయ్యి తిరిగాక తాటాకు మీద గంటం. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెబుతుంటే అయ్యవారు అందరినీ కనిపెట్టి ఉండేవాడు. ఒక్క మనిషి నాలుగైదు మెట్ల పిల్లలను ఒకే అరుగు మీద నడపగల కిటుకు అదే.

కాంప్‌బెల్ మెచ్చుకున్నవాటికన్నా తప్పుపట్టినవి ఎక్కువ. పిల్లలు కావ్యభాషలో ఉన్న పద్యాలు వందలకొద్దీ అప్పజెబుతారనీ, అర్థం వాళ్లకూ తెలియదు, చాలా చోట్ల చెప్పే అయ్యవారికీ తెలియదనీ, ఇవి చిలకపలుకులనీ రాశాడు. ఆ విమర్శలో నిజముంది. అయితే అదే నివేదికలో, అదే చేత్తో, బడులు ఎందుకు తగ్గుతున్నాయో కూడా రాశాడు. సీమ సరుకు దిగుమతితో ఇక్కడి చేతిపనివాళ్ల రాబడి పడిపోయింది, దేశం మొత్తంమీద బీదదైపోయింది, నడిమి తరగతివాళ్లూ బీదలూ చదువు ఖర్చు భరించలేకపోతున్నారు, పిల్లవాడి కాళ్లూచేతులూ కాస్త కదలగానే పనికి కావలసి వస్తున్నాడు. ఉన్న 533 బడుల్లో ఒక్కదానికీ ప్రభుత్వ సాయం లేదని సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు. పల్లెబడి ఫలితం ఎందుకు తక్కువ అన్న ప్రశ్నకు ఇప్పటికీ ఇంతకన్నా సూటి జవాబు ఏ కమిటీ ఇవ్వలేదనిపిస్తుంది. బడి లోపం, ఇంటి లేమి ఒకే కాగితం మీద పక్కపక్కనే ఉన్నాయి. తరవాతి వందేళ్లూ పాలకులు మొదటి సగం మాత్రం చదువుకున్నారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. తెల్లవాళ్లు రాకముందు మన వీధిబడులు బంగారంలా ఉండేవి, వాటిని కూల్చింది వాళ్లే, కాబట్టి ఆ తరవాతి లెక్కలకు విలువేముంది అని. 1931లో గాంధీజీ లండనులో ఇటువంటి మాటే అన్నారు. బ్రిటిష్ విద్యావేత్త ఫిలిప్ హార్టాగ్ రుజువులు చూపమన్నాడు. 1983లో పరిశోధకుడు ధరంపాల్ ఈ మన్రో కాలపు కాగితాలన్నీ ఒకచోట చేర్చి అచ్చువేశారు. ఆ కాగితాలు ఇరుపక్షాలకూ ఇబ్బందికరమే. ఊరూరా బడి ఉండేదన్న మాట నిజం. మన్రో 1826 మార్చి 10న తేల్చిన లెక్కలో మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) మొత్తానికి 12,498 బడులు, అంటే రమారమి వెయ్యి మందికి ఒకటి. ఇళ్లలో చదువుకునేవాళ్లను కూడా కలిపితే బడి ఈడు మగపిల్లల్లో మూడో వంతుకు చదువు అందుతోందని అతని అంచనా. కానీ తెలుగు జిల్లాల వరకు చూస్తే ఆ అరుగు అందరిదీ కాదు. తమిళ జిల్లాలతో పోలిస్తే ఇక్కడ బ్రాహ్మణ, వైశ్య బాలుర వాటా ఎక్కువ. విశాఖపట్నం జిల్లాలో దాదాపు సగం మంది బ్రాహ్మణ పిల్లలే. బళ్లారిలో ఆరు వేల ఆరువందల మందికి అరవై మంది ఆడపిల్లలున్న బడిని స్వర్ణయుగం అనడం ఆ అరవై మందికీ, అసలు అరుగెక్కనివ్వని కులాలకూ అన్యాయం. కాబట్టి పాతదాన్ని పొగడడం నా ఉద్దేశం కాదు. ఆ బడికి ఒక్క గుణం ఉండేదని మాత్రం అంటాను. దాని బతుకు ఒక పరీక్ష రోజు మీద ఆధారపడలేదు. పిల్లవాడికి పావలానో అర్ధరూపాయో నెలకు, పండగకు పప్పుబియ్యం, దసరాకు పిల్లలను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే వచ్చే కట్నం. ఇలా ఊరే అయ్యవారిని పోషించేది. ఊరు చితికితే బడి చితికేది, అది వేరే సంగతి.

మన్రో ఈ లెక్కలు చూసి చేసిన ఆలోచన బాగుంది. అయ్యవారికి నెలకు ఆరేడు రూపాయలకు మించి రావడం లేదు, ఆ రాబడికి చదువుకున్నవాడు ఎందుకు వస్తాడు అన్నాడు. జిల్లాకు రెండు పెద్ద బడులు, తాలూకాకు ఒక తాసీల్దారీ బడి, పంతుళ్లకు సర్కారు జీతం. తాసీల్దారీ బడి పంతులుకు నెలకు తొమ్మిది రూపాయలు, జిల్లా బడిలో పదిహేను. మరుసటి ఏడు, 1827 జులైలో, పత్తికొండ దగ్గర కలరాతో ఆయన పోయాడు. పథకాన్ని కడదాకా తీసుకుపోయే మనిషి లేడు. కొన్ని పదుల తాసీల్దారీ బడులు పెట్టి, ఆశించిన ఫలితం లేదని 1836లో ఎత్తేశారు. పదేళ్లయినా నిండని బడిని ఫలితం చూపలేదని మూసెయ్యడం మన చరిత్రలో అదే మొదలు.

పల్లెటూరివాళ్లకు చదువంటే లెక్కలేదు, అందుకే బడులు నిలవవు అన్న మాట ఆనాటి దొరలూ అన్నారు, ఈనాటి పట్నవాసులూ అంటారు. దీనికి జవాబు నరసాపురంలో దొరుకుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి గోదావరి డెల్టాలో పంట నిలబడ్డాక, నరసాపురంలో ఉన్న సబ్ కలెక్టరు జి.ఎన్. టేలర్ అక్కడొక బడి, పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లో దానికి శాఖలు పెట్టించాడు. అవి చూసి చుట్టుపక్కల గ్రామాల రైతులు తమ ఊళ్లకూ బడులు కావాలన్నారు. భూమిశిస్తు మీద కొంత అదనంగా కడతాం, ఆ సొమ్ముతో బడి నడపండి అన్నారు. తమ డబ్బుతో తమ బడి అన్న పద్ధతి ఆధునిక కాలంలో తెలుగు పల్లెల్లో అట్లా పుట్టింది. ఒక చిన్న గ్రామీణ ప్రాంతం తన బడులకు తనే పన్ను వేసుకున్న ఈ ఏర్పాటుకు చట్టబలం కల్పించడానికే 1863లో మద్రాసు ప్రభుత్వం ఆరో నంబరు చట్టం చేసింది. అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. శిస్తుతో కలిపి కరణం వసూలు చేసే సుంకాన్ని రైతు ఇష్టపడి కట్టాడో, కట్టక తప్పక కట్టాడో ఎవరు చెప్పగలరు? ఊరి సమ్మతి ఉంటేనే పన్ను అన్న ఆ చట్టం గోదావరి జిల్లా బయట పెద్దగా పాకలేదు. 1871లో లోకల్ ఫండు చట్టం వచ్చి బడులు లోకల్ బోర్డుల చేతికి పోయాయి; మన ముసలివాళ్ల నోట బోర్డు స్కూలు అన్న మాట అలా నిలిచింది. అయినా ఒకటి స్పష్టం. నీళ్లు పారి, చేతిలో నాలుగు డబ్బులు ఆడిన చోట పల్లె తనంతట తానే బడి అడిగింది. అదే కాలంలో బళ్లారి, కడప, కర్నూలు మెట్టసీమల్లో అడగడానికి చేతిలో ఏముంది? రెండు చోట్లా మనుషుల బుద్ధి ఒకటే, తేడా అంతా కాలువలో ఉంది.

సరిగ్గా ఈ సమయంలోనే ఇంగ్లండు నుంచి కొత్త సూత్రం దిగింది. 1862లో అక్కడ రాబర్ట్ లో అనే మంత్రి, బీదపిల్లల బడులకిచ్చే గ్రాంటును పరీక్షకు ముడిపెట్టాడు. ఏడాదికొకసారి ఇనస్పెక్టరు వస్తాడు. చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కొక్క పిల్లవాడినీ పరీక్షిస్తాడు. తలకు, అంశానికి ఇంత అని లెక్కగట్టి బడికి డబ్బిస్తారు. బడి మంచిదైతే ఖర్చు ఎక్కువైనా ఫరవాలేదు, చెడ్డదైతే కనీసం చవగ్గా ఉంటుందన్నది ఆయన వాదం. మద్రాసు రాజధానిలో ఆ 1860లలోనే ఈ పద్ధతిని ప్రాథమిక బడులకు పెట్టారు. వీధిబడి అయ్యవారు మొదటిసారి సర్కారు డబ్బు కళ్లజూశాడు, అయితే ఫలితాన్ని బట్టి. 1882లో కూర్చున్న హంటర్ కమిషన్ కూడా ఈ పద్ధతి కాలేజీలకు పనికిరాదని చెబుతూనే నాటుబడులకు మాత్రం కొనసాగించవచ్చంది. పెద్ద చదువులకు తగని పద్ధతి పల్లె అరుగుకు ఎలా తగిందో, బహుశా అడిగేవాళ్లు లేకనే తగింది.

కాంప్‌బెల్ చెప్పిన సగటు బడినే తీసుకుని ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. పన్నెండు మంది పిల్లలు. ఇనస్పెక్టరు వచ్చిన రోజు ముగ్గురికి చలిజ్వరం వస్తే అయ్యవారి గ్రాంటులో నాలుగో వంతు పోయినట్టే. వరికోతలప్పుడు వస్తే సగం. రెండు వందల మంది ఉన్న పట్నం బడిలో ముగ్గురు రాకపోతే తెలియనైనా తెలియదు. ఇక అయ్యవారు ఏం చేస్తాడు? తప్పకుండా పాసయ్యే ఆరుగురినీ ముందు కూర్చోబెట్టి అవే పాఠాలు, అవే లెక్కలు వల్లె వేయిస్తాడు. ఎంత చెప్పినా అందుకోలేని ఇద్దరిమీద శ్రమ దండగ, వాళ్లు బడి మానేసినా ఆయన జీతానికి లోటు లేదు. పరీక్షలో లేని చేతిపని, ఊరి లెక్కలు, పద్యం గ్రాంటు తేవు కాబట్టి పక్కకు పోతాయి. కాంప్‌బెల్ ఏ చిలకపలుకులను ఎత్తిచూపాడో, వాటిని మాన్పించవలసిన సర్కారే ఇప్పుడు వాటికి తలకింతని ధర కట్టింది. 1876–78 ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చిపెట్టిన రోజుల్లోనూ అమల్లో ఉన్నది ఈ సూత్రమే. గంజికేంద్రం ముందు బారులు తీరిన ఊళ్లో మూడో తరగతి వాచకం ఎంతమంది పాసయ్యారన్నది బడి మంచిచెడ్డల లెక్క ఎలా అవుతుంది? ఇంగ్లండులో స్వయంగా స్కూళ్ల ఇనస్పెక్టరుగా ఉన్న మాథ్యూ ఆర్నాల్డ్ అనే కవి ఈ పద్ధతి చదువును యాంత్రికం చేస్తోందని ఏళ్ల తరబడి మొత్తుకున్నాడు. 1890లలో అక్కడ ఎత్తేశారు. ఇక్కడ 1904 మార్చిలో కర్జన్ విద్యావిధాన తీర్మానం దీన్ని తప్పుపట్టాక గానీ పోలేదు. దొరగారి దేశంలో చెల్లని నాణెం మన పల్లెల్లో మరికొన్నేళ్లు చెల్లింది.

ఈ పద్ధతి వైపూ చెప్పవలసినది ఉంది. అంతకుముందు పైసా ఎరగని వేలాది వీధిబడులకు సర్కారు సాయం చేరింది దీనివల్లే. బడుల సంఖ్య, పిల్లల సంఖ్య పెరిగాయి. ఏ కులం పంతులైనా, ఏ మిషనరీ అయినా పిల్లలను పాస్ చేయిస్తే డబ్బు వస్తుంది కాబట్టి పాత అరుగు గుత్తాధిపత్యం కొంత సడలింది. ఇదంతా ఒప్పుకోవాలి. కానీ పెరుగుదల తెచ్చింది సాయమా, షరతా? ఇదే సొమ్మును స్థిరమైన జీతంగా ఇచ్చి ఉంటే బడులు పెరిగేవి కావనడానికి ఆధారమేదీ లేదు. మన్రో అడిగింది అదే. జీతం ఖర్చు, ఫలితపు గ్రాంటు పొదుపు. సర్కారు పొదుపు ఎంచుకుంది, దానికి నాణ్యత అని పేరుపెట్టింది.

ఇంకా బలమైన ఆక్షేపణ ఒకటి మన కాలం నుంచే వస్తుంది. జీతం నెలనెలా తప్పకుండా పడుతుంటే పంతులు బడికే రావడం మానేస్తాడు కదా అని. ఇది గాలిమాట కాదు. 2003లో దేశవ్యాప్తంగా చెప్పకుండా వెళ్లి తనిఖీ చేసిన ఒక అధ్యయనంలో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో నలుగురు టీచర్లలో ఒకరు కనిపించలేదు. అందుకే 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బడుల్లోనే ఒక పెద్ద ప్రయోగం జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు అయిదు జిల్లాల్లో 500 ప్రాథమిక పాఠశాలలను చీట్లు తీసినట్టు గుంపులుగా విడగొట్టి, కొన్నిట్లో పిల్లల మార్కులు పెరిగినదాన్ని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చారు. రెండేళ్లలో ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ మిగతావాళ్లకన్నా స్పష్టంగా ముందుకెళ్లారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సాంఘికశాస్త్రాల్లో కూడా వెనకబడలేదు. అయితే రాబర్ట్ లో గెలిచాడా? నియమాలు చదివితే ఓడాడనే చెప్పాలి. ఇక్కడ జీతం మీద ఎవరూ చెయ్యివేయలేదు. బోనస్ దానిపైన ఇచ్చిన అదనం. లెక్కలోకి తీసుకున్నది ఎంతమంది పాసయ్యారని కాదు, నిరుటికన్నా ఎంత ఎదిగారని. కాబట్టి అట్టడుగున ఉన్న పిల్లవాడు రెండు మెట్లు ఎక్కినా టీచరుకు లాభమే. పరీక్షకు రాని పిల్లవాడికి తక్కువ మార్కు వేశారు, వెనకబడినవాణ్ని ఆ రోజు ఇంటి దగ్గర ఉండమనే దారి మూసేశారు. నలభై ఏళ్లపాటు మద్రాసు ఇనస్పెక్టర్లు తెరిచి ఉంచిన తలుపులన్నీ ఈ ప్రయోగం ముందే బిగించింది. గైరుహాజరు మాత్రం అక్కడా తగ్గలేదు. వచ్చిన టీచర్లు అదనపు క్లాసులు తీసుకుని, హోంవర్కు ఇచ్చి, శ్రద్ధగా చెప్పారంతే. అంటే కొలత పనికిరానిదని కాదు. దేన్ని కొలుస్తున్నారు, దానితో ఎవరి తిండి తెంచుతున్నారు అన్నదే తేడా.

ఇప్పుడు మన జాబితాల సంగతి. 2022లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఉత్తీర్ణత 67.26 శాతం. ప్రభుత్వ వైఫల్యమని కొందరు, టీచర్ల నిర్లక్ష్యమని కొందరు, మళ్లీ సంజాయిషీ నోటీసులు. కరోనా వల్ల 2020లో, 2021లో పరీక్షలే లేవు, అందరూ పాసే. ఆ రెండేళ్లూ ఫోను లేని ఇంట్లో కూర్చున్న పిల్లవాడే 2022లో పరీక్ష రాశాడు. ఒక్క ఫోను ఇద్దరన్నదమ్ములు పంచుకున్న ఇంటికీ, ట్యూషన్ మాస్టరు ఇంటికొచ్చిన ఇంటికీ శాతం ఒకటే కొలబద్ద. పైగా చిన్న బడిలో శాతానికి నిలకడ ఉండదు. పదో తరగతిలో ఎనిమిది మంది ఉన్న ఊళ్లో ఒక్కడు తప్పితే ఫలితం పన్నెండున్నర శాతం పడిపోతుంది. ముగ్గురే రాసిన బడి ఈ ఏడు సున్నా, వచ్చే ఏడు నూరు కాగలదు. మధ్యలో పంతులు మారలేదు, పాఠం మారలేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు, తరగతులు అయిదు. ఒకరు మీటింగుకు వెళితే మిగిలినాయన బళ్లారి అయ్యవారే, పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించే కిటుకు ఒక్కటీ తప్ప. పిల్లలు తక్కువని అలాంటి బడిని మూడు కిలోమీటర్ల అవతల బడిలో కలిపేస్తే కాగితం మీద సగటు మెరుగవుతుంది. దారిలో వాగు ఉన్న ఊళ్లో ఆడపిల్ల హాజరు ఆ కాగితంలో ఉండదు.

పెద్ద బడుల్లో ఎక్కువ టీచర్లు, ల్యాబు, ఆటస్థలం ఉంటాయి, విలీనంలో తప్పేముంది అంటారు. ఉంటాయి, నిజమే. బస్సు ఉన్న ఊళ్లో అది మంచి మాటే. మూసే నిర్ణయానికి ఫలితాల శాతాన్ని సాకు చేయడమే తప్పు, ఎందుకంటే ఆ శాతం బడి గురించి ఎంత చెబుతుందో వానల గురించి, వలసల గురించి అంతకన్నా ఎక్కువ చెబుతుంది. అనంతపురం, పాలమూరు పల్లెల నుంచి కుటుంబాలు వలస పోయే నెలల్లో బడి సగం ఖాళీ అయితే అది హెడ్మాస్టరు ఫలితం కాదు.

కాబట్టి పత్రికలను, విద్యాశాఖను అడగవలసింది పెద్దగా ఏమీ లేదు. మండలాలవారీగా బడుల ఉత్తీర్ణత శాతం అచ్చువేసే ప్రతి పట్టికలో పక్కనే మరి మూడు గడులు గీయండి: ఆ బడిలో ఆరో తరగతిలో చేరినవాళ్లెందరు, పది రాసేదాకా మిగిలినవాళ్లెందరు, ఆ ఏడు ఏ సబ్జెక్టు టీచరు పోస్టు ఎన్ని నెలలు ఖాళీగా ఉంది. ఈ మూడు అంకెలూ మండల విద్యాధికారి దస్త్రాల్లో ఇప్పటికే ఉన్నాయి.